క్లోమంలో గడ్డలన్నీ క్యాన్సర్ కావు: ఆటోఇమ్యూన్ పాంక్రియాటైటిస్‌ను పట్టుకోవడం, నయం చేయడం

అరవై దాటిన మనిషికి కళ్లు పచ్చబడతాయి. కడుపునొప్పి పెద్దగా ఉండదు. మూత్రం డికాక్షన్ రంగుకు తిరుగుతుంది, మలం సుద్దలా తెల్లబడుతుంది, ఒళ్లంతా దురద. పల్లెలో అయితే ముందు పసరు పోయించుకుంటాడు, కాదంటే చేతికి వాత పెట్టించుకుంటాడు. రెండు మూడు వారాలైనా తగ్గకపోతే పట్నంలో స్కానింగ్ తీయిస్తారు. క్లోమం తలభాగం ఉబ్బి ఉందని, పిత్తనాళం అక్కడే నొక్కుకుపోయిందని రిపోర్టు వస్తుంది. ఇంతవరకు విన్న ఏ డాక్టరుకైనా మొదట తట్టేది క్లోమ క్యాన్సరే. తట్టాలి కూడా. చాలాసార్లు జరిగేది అదే.

కానీ కొద్దిమందిలో ఆ ఉబ్బు క్యాన్సర్ కాదు. సొంత రోగనిరోధక వ్యవస్థే క్లోమంలోకి దండెత్తి దాన్ని వాచేలా, గట్టిపడేలా చేస్తుంది. దీనినే ఆటోఇమ్యూన్ పాంక్రియాటైటిస్ అంటారు, పొట్టిగా ఏఐపీ. ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టిన రెండు వారాల్లోనే ఈ ‘గడ్డ’ కరగడం స్కాన్‌లో కనిపిస్తుంది. క్యాన్సర్ అనుమానంతో క్లోమం తలభాగం, దానితోపాటు చిన్నపేగు మొదటి భాగం, పిత్తాశయం, పిత్తనాళంలో కొంత తీసేసే విప్పుల్ ఆపరేషన్ జరిగిన వాళ్లలో నూటికి ఇద్దరు ముగ్గురికి చివరికి ఈ జబ్బే అని తేలినట్టు పెద్ద ఆస్పత్రుల అనుభవం. మాత్రలతో పోయేదానికి అంత పెద్ద కోత పడిందన్న మాట.

దీనికి ఎదురు తప్పు ఇంకా ప్రమాదకరం. క్యాన్సర్‌ను ఏఐపీ అనుకుని నెలల తరబడి స్టెరాయిడ్ ఇస్తూ కూర్చుంటే, ఆపరేషన్‌కు వీలున్న కాస్త సమయమూ చేజారిపోతుంది. ఈ రెండు తప్పుల మధ్య దారి వెతుక్కోవడమే ఈ జబ్బు నిర్ధారణలో ఉన్న కష్టమంతా. తీర్పు చెప్పే పరీక్ష ఏదో ఒకటి ఉంటే బాగుండేది. అలాంటిది లేదు.

పేరు వెనక కథ

క్లోమం మీద శరీరం తానే దాడి చేయడం అనగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది టైప్ 1 మధుమేహం. అది వేరు. అక్కడ దెబ్బతినేవి ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు మాత్రమే. క్లోమం ఉబ్బదు, కామెర్లు రావు. ఏఐపీలో దాడి జరిగేది జీర్ణరసాలు తయారుచేసే కణజాలం మీద, వాటిని మోసుకెళ్లే నాళాల చుట్టూ. గందరగోళం పెంచడానికన్నట్టు ఏఐపీలోనూ టైప్ 1, టైప్ 2 అని రెండు రకాలున్నాయి. ‘మీకు టైప్ 1 ఉంది’ అని డాక్టరు అనగానే ఇంటిల్లిపాదీ షుగర్ గురించి అనుకోవడం సహజమే. ఈ అంకెలకూ మధుమేహం అంకెలకూ ఏ సంబంధమూ లేదు.

1961లో ఫ్రెంచి వైద్యుడు ఆన్రీ సార్ల్ బృందం ఓ విచిత్రమైన క్లోమ వ్యాధిని వర్ణించింది. రోగుల క్లోమం గట్టిపడింది, రక్తంలో యాంటీబాడీలుండే గామా గ్లోబ్యులిన్ ప్రోటీన్లు విపరీతంగా పెరిగాయి, దీని వెనక ఆటోఇమ్యూన్ కారణం ఉండొచ్చని ఆ బృందం అనుమానించింది. ఆ ఊహ మూడు దశాబ్దాలకు పైగా అలాగే ఉండిపోయింది. 1995లో జపాన్ వైద్యులు స్టెరాయిడ్‌తో నయమైన ఓ కేసును వివరిస్తూ ‘ఆటోఇమ్యూన్ పాంక్రియాటైటిస్’ అనే పేరు పెట్టారు. అసలు మలుపు 2001లో వచ్చింది. జపాన్‌లోని మాత్సుమోతో నగరంలో ఉన్న షిన్షూ విశ్వవిద్యాలయంలో హమానో బృందం ఇలాంటి రోగులు 20 మంది రక్తాన్ని పరీక్షించింది. యాంటీబాడీల్లో అతి తక్కువగా ఉండే ఉపరకం ఐజీజీ4. ఆరోగ్యవంతుల్లో దాని మధ్యస్థ విలువ డెసిలీటరుకు 51 మిల్లీగ్రాములు ఉంటే, ఈ రోగుల్లో 663 ఉంది.

రెండేళ్లు తిరక్కుండానే, 2003లో, టోక్యోలోని కామిసావా బృందం ఇంకో మాట చెప్పింది. ఐజీజీ4 తయారుచేసే కణాలు ఈ రోగుల క్లోమంలోనే కాదు, పిత్తనాళాల్లో, లాలాజల గ్రంథుల్లో, లింఫ్ గ్రంథుల్లో కూడా గుంపులుగా కనిపించాయి. అంటే క్లోమం ఈ జబ్బుకు ఓ మజిలీ మాత్రమే. మూత్రపిండాలు, ఊపిరితిత్తులు, పెద్ద ధమని చుట్టూ ఉండే కణజాలం, ఏదైనా దీని బారిన పడొచ్చు. కళ్ల పక్కన, దవడల కింద గ్రంథులు రెండువైపులా వాచే మికులిచ్ జబ్బును 19వ శతాబ్దంలోనే వర్ణించారు. పొట్ట వెనక పొరలు గట్టిపడి మూత్రనాళాలను నొక్కేసే జబ్బును 1948లో ఆర్మండ్ అనే అమెరికన్ యూరాలజిస్టు వివరించాడు. వేర్వేరు విభాగాల డాక్టర్లు వేర్వేరు పేర్లతో పిలిచిన ఈ జబ్బుల్లో చాలా కేసులు ఇప్పుడు ‘ఐజీజీ4 సంబంధిత వ్యాధి’ అనే ఒకే గొడుగు కిందకు వచ్చాయి. టైప్ 1 ఏఐపీ అంటే ఆ వ్యాధి క్లోమంలో వేసిన డేరా.

టైప్ 2 కథ వేరు. అందులో ఐజీజీ4 పెరగదు, ఇతర అవయవాలకు పాకదు. న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు క్లోమ నాళం గోడలోకి చొరబడి దాన్ని దెబ్బతీస్తాయి. దీనితో జంటగా కనిపించేది పెద్దపేగు జబ్బు, ముఖ్యంగా అల్సరేటివ్ కొలైటిస్. 10 దేశాల్లోని 23 ఆస్పత్రులు కలిసి 1064 మంది రోగుల వివరాలను క్రోడీకరించి 2013లో ప్రచురించాయి. వారిలో 978 మంది టైప్ 1 వాళ్లు, 86 మందే టైప్ 2. మొదటి రకంలో సగటు వయసు 61 ఏళ్లు, రెండో రకంలో 40 ఏళ్లు. మొదటిది మగవాళ్లలో చాలా ఎక్కువ, రెండోదానిలో ఆడ, మగ తేడా పెద్దగా లేదు. ఈ మధ్య టైప్ 3 అనే మాట కూడా వినిపిస్తోంది. క్యాన్సర్‌కు ఇచ్చే ఇమ్యూనోథెరపీ మందుల వల్ల క్లోమం వాచే కేసులవి. వాటి దారే వేరు కాబట్టి ఇక్కడ పక్కన పెడదాం.

ఒక్క అంకెను నమ్ముకుంటే

నిర్ధారణలో ఎక్కువ పొరపాట్లు జరిగేది ఐజీజీ4 రక్తపరీక్ష దగ్గరే. కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి.

2001 నాటి పరిశోధనలో ఈ పరీక్ష అద్భుతంగా కనిపించింది. 135 మిల్లీగ్రాములను హద్దుగా పెట్టుకుంటే జబ్బున్నవాళ్లలో నూటికి 95 మందిని పట్టుకుంది, లేనివాళ్లలో నూటికి 97 మందిని సరిగ్గా లేదని చెప్పింది. కొత్త పరీక్షలకు మొదటి పరిశోధనలో ఇలాంటి మెరుపు ఉండటం మామూలే. తర్వాత జాగ్రత్తగా లెక్కలు వేస్తే మెరుపు తగ్గింది. 2007లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు ప్రచురించిన లెక్కల ప్రకారం ఏఐపీ రోగుల్లో 76 శాతం మందికే ఐజీజీ4 హద్దు (అక్కడ 140) దాటింది. పైగా క్లోమ క్యాన్సర్ ఉన్నవాళ్లలో నూటికి 10 మందికి కూడా దాటింది.

నూటికి పదే కదా అనిపిస్తుంది. కానీ క్యాన్సర్‌తో పోలిస్తే ఏఐపీ చాలా అరుదు, లెక్క తిరగబడేది అక్కడే. లెక్క కోసం ఇలా అనుకుందాం. క్లోమంలో గడ్డతో వచ్చిన 1000 మందిలో 970 మందికి క్యాన్సర్, 30 మందికి ఏఐపీ ఉంది. హద్దు దాటిన ఐజీజీ4 క్యాన్సర్ వాళ్లలో 97 మందికి వస్తుంది, ఏఐపీ వాళ్లలో 23 మందికి. అంటే ‘ఐజీజీ4 పెరిగింది’ అని రిపోర్టు వచ్చిన 120 మందిలో దాదాపు వంద మందికి ఉన్నది క్యాన్సరే. ఆ ఒక్క కాగితం చూసి ‘హమ్మయ్య, క్యాన్సర్ కాదు’ అనుకున్న కుటుంబం ఎంత మోసపోతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

విలువ ఆ 140 హద్దుకు రెండింతలు, అంటే 280 దాటితే పరిస్థితి మారుతుంది. మేయో లెక్కల్లో క్యాన్సర్ రోగుల్లో అంత పెరిగింది నూటికి ఒక్కరికే. కాకపోతే ఏఐపీ ఉన్నవాళ్లలో కూడా సగానికి కాస్త ఎక్కువమందే ఆ గీత దాటారు. కాబట్టి పెద్ద అంకె బలమైన సాక్ష్యం, చిన్న పెరుగుదల బలహీనమైన సాక్ష్యం, మామూలు విలువ వచ్చిందంటే జబ్బు లేదని కాదు. టైప్ 2లో అయితే ఈ పరీక్షకు పనే లేదు.

ఇంకో రెండు చిక్కులు. కొన్ని ల్యాబులు డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో, కొన్ని లీటరుకు గ్రాముల్లో రాస్తాయి. 1.35, 135 ఒకటే. ఒక ల్యాబులో 1.6, తర్వాత ఇంకోచోట 150 అని చూసి వందరెట్లు పెరిగిందని టెన్షన్ పడ్డవాళ్లకు నిజానికి తగ్గిందన్న మాట. రెండోది యంత్రం తప్పు. రక్తంలో ఐజీజీ4 మరీ విపరీతంగా ఉన్నప్పుడు కొన్ని యంత్రాలు దాన్ని కొలవలేక ఉల్టాగా తక్కువ చూపిస్తాయి. శాంపిల్‌ను పలచన చేసి మళ్లీ కొలిస్తే అసలు విలువ బయటపడుతుంది. మిగతా లక్షణాలన్నీ ఏఐపీ అంటూ ఐజీజీ4 మాత్రం మామూలుగా ఉంటే ఈ సంగతి ల్యాబు వాళ్లను అడగాలి.

క్యాన్సర్ వైపు నుంచి చేసే సీఏ 19-9 రక్తపరీక్ష కూడా ఇంతే. పిత్తం అడ్డుపడి కామెర్లు ఉన్నంతకాలం క్యాన్సర్ లేకపోయినా అది పెరుగుతుంది. కామెర్లు తగ్గాక చేసిన పరీక్షకు ఉన్న విలువ, కళ్లు పచ్చగా ఉన్నప్పుడు చేసినదానికి లేదు.

స్కాన్ చెప్పే మాట

ఐజీజీ4 పరీక్ష కన్నా, ఒక మంచి సీటీ స్కాన్, దాన్ని ఓపికగా చదివే రేడియాలజిస్టు ఈ జబ్బులో ఎక్కువ పనికొస్తారు. ఆరోగ్యంగా ఉన్న క్లోమం అంచు బీరకాయలా గట్లు గట్లుగా ఉంటుంది. ఏఐపీలో అది మొత్తం ఉబ్బి, గట్లు చెరిగిపోయి, సొరకాయలా నున్నగా అయిపోతుంది. వైద్యులు దీన్ని సాసేజ్ ఆకారం అంటారు. చుట్టూ పలచటి, నల్లటి పట్టీ లాంటి పొర కనిపిస్తే అది ఏఐపీకి దాదాపు సంతకం లాంటిది. రంగు మందు ఎక్కించినప్పుడు క్లోమం ఆలస్యంగా, నెమ్మదిగా వెలుగుతుంది. క్యాన్సర్ గడ్డ చాలాసార్లు వెలగకుండా నల్లగా మిగిలిపోతుంది.

క్లోమ నాళం ఇంకా మంచి ఆధారం. క్యాన్సర్ ఒకచోట నాళాన్ని మూసేస్తుంది. దాని వెనక నాళం, ఆనకట్ట వెనక నీళ్లలా ఉబ్బుతుంది. వెనక క్లోమం ఎండిపోతుంది. ఏఐపీలో నాళం చాలా పొడవున, మూడో వంతుకు పైగా, సన్నబడుతుంది. లేదా అక్కడక్కడ రెండు మూడు చోట్ల సన్నబడుతుంది. అయినా వెనకభాగం పెద్దగా ఉబ్బదు, 5 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. నాళాలను చూపే ఎంఆర్ఐ స్కాన్ ఎంఆర్సీపీలో గడ్డ మధ్యలోంచి నాళం సన్నటి దారంలా వెళ్లడం కనిపిస్తే క్యాన్సర్ అనుమానం బాగా తగ్గుతుంది.

ఇవన్నీ క్లోమం మొత్తం వాచినప్పుడు. ఒక్కచోటే గడ్డలా వాచిన ఏఐపీ అసలు తలనొప్పి. అప్పుడు సీటీ కూడా చేతులెత్తేస్తుంది. కడుపు మిగతా భాగాలను, పైన కళ్ల దగ్గర, దవడల కింద గ్రంథులను వెతకాల్సింది ఇలాంటప్పుడే. మూత్రపిండాల్లో మచ్చలు, కాలేయం లోపలి పిత్తనాళాల్లో ఇరుకులు, పొట్ట వెనక గట్టిపడిన పొర, ఏది దొరికినా తూకం ఏఐపీ వైపు మొగ్గుతుంది. అన్నిటికన్నా చవకైన పరీక్ష మాత్రం పక్కనే కూర్చున్న భార్యనో భర్తనో ‘ఈ ఏడాదిలో ఈయన కళ్ల పక్కన ఉబ్బిందా, నోరు పొడిబారిందా’ అని అడగడం.

తర్వాత ముక్క తీయడం. నోటి గుండా గొట్టం వేసి, జీర్ణాశయం లోపల్నుంచి అల్ట్రాసౌండ్‌తో క్లోమాన్ని దగ్గరగా చూసే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ ఇందుకు దారి. హైదరాబాద్ లాంటి నగరాల్లోని పెద్ద గ్యాస్ట్రో ఆస్పత్రుల్లో ఇది మామూలే. కానీ ఏ సూది వాడారన్నది ముఖ్యం. సన్న సూదితో కణాలు మాత్రమే వస్తాయి. క్యాన్సర్ కణాలు దొరికితే సరి, కథ ముగిసినట్టే. అవి దొరక్కపోతే ఏఐపీ అని చెప్పడానికి ఆ కణాలు చాలవు, కణజాలం అల్లిక కనిపించాలి. దానికి ముక్కగా కోసి తెచ్చే బయాప్సీ సూది కావాలి. టైప్ 1లో సూక్ష్మదర్శిని కింద నారకణజాలం సుడులు సుడులుగా అల్లుకుని కనిపిస్తుంది. దాని వైద్యనామం చాప అనే అర్థమున్న లాటిన్ మాట నుంచే వచ్చింది. తాటాకు చాప అల్లిక చూసినవాళ్లకు ఆ బొమ్మ వెంటనే అర్థమవుతుంది. సన్న సిరలు మూసుకుపోయి ఉంటాయి, ఐజీజీ4 కణాలు గుంపులుగా ఉంటాయి. ఈ కణాలు ఒంటరిగా సాక్ష్యం కాదు, క్యాన్సర్ గడ్డ చుట్టూ కూడా కొన్నిసార్లు పోగవుతాయి.

ఈ ఆధారాలన్నిటినీ ఎలా తూచాలో చెప్పే పద్ధతులు కొన్ని ఉన్నాయి. జపాన్ వాళ్లు 2002లోనే ఒకటి తయారుచేసుకున్నారు. మేయో క్లినిక్ 2006లో ఇంకొకటి తెచ్చింది. చివరికి అన్ని దేశాల నిపుణులు కూర్చుని 2011లో ఉమ్మడి ప్రమాణాలు ప్రచురించారు. క్లోమం రూపం, నాళం రూపం, రక్తం, ఇతర అవయవాలు, కణజాలం, స్టెరాయిడ్‌కు స్పందన, ఇవే అందులోని అంశాలు. ఒక్కోదానికి బలమైన సాక్ష్యం, బలహీనమైన సాక్ష్యం అని రెండు మెట్లు పెట్టారు. ఆ పత్రంలో అన్నిటికన్నా తెలివైన పని ఆ మెట్లే. ఐజీజీ4 రెండింతలు దాటితే ఒక మెట్టు, కొద్దిగా దాటితే ఇంకో మెట్టు.

తెలుగు రాష్ట్రాల్లో, మొత్తం దక్షిణాదిలో ఇంకో రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. మనవైపు చిన్న వయసులోనే క్లోమంలో రాళ్లు, కడుపునొప్పి, తర్వాత షుగర్ వచ్చే ఉష్ణమండల పాంక్రియాటైటిస్ ఉంది. కేరళలో దీని మీద చాలా పని జరిగింది. రాళ్లు నిండి ఎండిపోయిన క్లోమం కనిపిస్తే ఆలోచన ముందు అటు వెళ్లాలి. ఇంకొకటి క్షయ. క్లోమం దగ్గర, చుట్టూ ఉన్న లింఫ్ గ్రంథుల్లో టీబీ గడ్డలా కనిపించొచ్చు. దానికి స్టెరాయిడ్ ఒక్కటే ఇస్తే నిప్పుకు నెయ్యి పోసినట్టే.

స్టెరాయిడే పరీక్ష, స్టెరాయిడే మందు

ముక్కలో క్యాన్సర్ కనిపించలేదు, మిగతా సాక్ష్యాలు ఏఐపీ వైపున్నాయి, కానీ పూర్తి నమ్మకం లేదు. అప్పుడు రెండు వారాలు స్టెరాయిడ్ ఇచ్చి మళ్లీ స్కాన్ తీసే పద్ధతి ఉంది. ఏఐపీ అయితే ఉబ్బు స్పష్టంగా తగ్గాలి, నాళం విప్పారాలి. ‘ఆకలి వేస్తోంది, బాగుంది’ అనే మాట లెక్కలోకి రాదు. స్టెరాయిడ్ వేస్తే క్యాన్సర్ రోగికి కూడా నాలుగు రోజులు ఆకలి వేస్తుంది. కామెర్లు తగ్గడమూ లెక్కలోకి రాదు, ఎందుకంటే చాలామందికి అప్పటికే పిత్తనాళంలో స్టెంట్ వేసి ఉంటారు. ఆ ఘనత స్టెంటుది. స్కాన్‌లో మార్పు లేకపోయినా, సీఏ 19-9 పెరుగుతున్నా వెంటనే సర్జన్ దగ్గరికి వెళ్లాలి. లింఫోమా అనే లింఫ్ కణాల క్యాన్సర్ కూడా స్టెరాయిడ్‌కు తాత్కాలికంగా కరుగుతుంది కాబట్టి ముక్క పరీక్ష జరక్కుండా ఈ ప్రయోగానికి దిగడం తప్పు. రెండు వారాల తర్వాత తిరిగొస్తాడో లేదో తెలియని రోగికి మందు రాసి పంపేయడం అంతకన్నా తప్పు.

నిర్ధారణ అయ్యాక మొదటి మందు దాదాపు ఎక్కడైనా ప్రెడ్నిసలోనే. జపాన్‌లో కిలో బరువుకు 0.6 మిల్లీగ్రాములు, పాశ్చాత్య దేశాల్లో రోజుకు 40 మిల్లీగ్రాములు అని మొదలుపెడతారు. 60 కిలోల మనిషికి చూస్తే రెండూ దాదాపు ఒకటే. నాలుగు వారాలు అలా ఇచ్చి, ఆ తర్వాత వారానికి 5 మిల్లీగ్రాముల చొప్పున దించుకుంటూ వస్తారు. 2013 నాటి అంతర్జాతీయ లెక్కల్లో స్టెరాయిడ్ తీసుకున్న టైప్ 1 రోగుల్లో 99 శాతం, టైప్ 2లో 92 శాతం మందిలో జబ్బు అదుపులోకి వచ్చింది. ఇంత బాగా మందుకు లొంగే క్లోమ జబ్బు ఇంకొకటి వెతకడం కష్టం. కామెర్లు లేని, ఇబ్బంది లేని కొందరిలో జబ్బు దానంతటదే తగ్గడమూ ఉంది; అలాంటివాళ్లను మందు లేకుండా గమనిస్తూ ఉండొచ్చు.

స్టెరాయిడ్ అనగానే మనవాళ్లలో రెండు రకాల స్పందనలు. ఒకరు భయపడి సగంలో మానేస్తారు, ఇంకొకరు బాగుందని డాక్టరును అడక్కుండా ఏళ్ల తరబడి మింగుతారు. వారాల తరబడి వేసుకున్న ప్రెడ్నిసలోన్‌ను ఒక్కసారిగా ఆపకూడదు. అడ్రినల్ గ్రంథులు అప్పటికి పని మర్చిపోయి ఉంటాయి, బీపీ పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది. దించుకుంటూ రావడం అందుకే.

షుగర్ సంగతి ఇక్కడ మరీ ముఖ్యం. టైప్ 1 ఏఐపీ రోగుల్లో చాలామందికి జబ్బు బయటపడేనాటికే మధుమేహం ఉంటుంది. క్లోమం వాపు తగ్గితే కొందరిలో షుగర్ మెరుగవుతుంది, కొందరిలో స్టెరాయిడ్ దాన్ని ఎగదోస్తుంది. ఎవరిలో ఏది జరుగుతుందో ముందే చెప్పలేరు. ఉదయం వేసుకున్న ప్రెడ్నిసలోన్ ప్రభావం షుగర్ మీద మధ్యాహ్నం, సాయంత్రం ఎక్కువగా కనిపిస్తుంది. పరగడుపు షుగర్ 110 చూసి నిశ్చింతగా ఉన్నవాళ్లకు సాయంత్రం 300 ఉండొచ్చు. స్టెరాయిడ్ వాడే రోజుల్లో పరగడుపు పరీక్ష ఒక్కటే చేయించుకోవడం చాలదు.

వాపు తగ్గినా క్లోమం ఎండిపోయిన వాళ్లలో జీర్ణరసాలు చాలవు. మలం జిడ్డుగా, దుర్వాసనతో, నీళ్లపై తేలుతూ వస్తుంది, తిన్నా బరువు తగ్గుతారు. మలంలో ఎలాస్టేజ్ పరీక్ష చేస్తే తేలుతుంది. ఆ రసాల లోటు తీర్చే పాంక్రియాటిన్ క్యాప్సూల్స్‌ను ముద్ద నోట్లో పెట్టే సమయంలోనే వేసుకోవాలి, గంట ముందో తర్వాతో కాదు. ఇవి పంది క్లోమం నుంచి తయారవుతాయి. శాకాహారులకు, ముస్లింలకు ఈ విషయం ముందే చెప్పి మాట్లాడటం డాక్టరు బాధ్యత. తర్వాత ఎక్కడో చదివి మధ్యలో మానేయడం కన్నా అది మేలు.

తిరిగొస్తే

అదుపులోకి తేవడం తేలిక, అక్కడే నిలపడం కష్టం. అంతర్జాతీయ లెక్కల్లో టైప్ 1 రోగుల్లో 31 శాతం మందికి, టైప్ 2లో 9 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. అందుకే టైప్ 2కి మూడు నెలల కోర్సు అయ్యాక మందు ఆపేస్తారు. టైప్ 1లో ఏం చేయాలన్న దగ్గర వైద్యులు రెండుగా చీలారు. జపాన్‌లో చిన్న మోతాదును, రోజుకు 5 నుంచి 7.5 మిల్లీగ్రాములు, మూడేళ్ల దాకా కొనసాగించి చూశారు. 2017లో వచ్చిన ఆ అధ్యయనంలో 26 వారాలకు మందు ఆపినవాళ్లలో మూడేళ్లలో 57.9 శాతం మందికి జబ్బు తిరిగొచ్చింది, కొనసాగించినవాళ్లలో 23.3 శాతం మందికే. తేడా చిన్నది కాదు. కానీ అందులో ఉన్నది 49 మంది రోగులే. మూడేళ్ల స్టెరాయిడ్ అంటే ఎముకలు గుల్లబారడం, కంటి శుక్లాలు, బీపీ, షుగర్. 65 ఏళ్ల మధుమేహ రోగికి ఆ ధర ఎక్కువే అనిపిస్తుంది. ఐజీజీ4 చాలా ఎక్కువగా ఉన్నవాళ్లకు, క్లోమం మొత్తం వాచినవాళ్లకు, పిత్తనాళం పైభాగం కూడా దెబ్బతిన్నవాళ్లకు కొనసాగించడం, మిగతావాళ్లను మందు ఆపి కనిపెట్టుకుని ఉండటం మధ్యేమార్గంగా కనిపిస్తుంది.

తిరిగొచ్చినప్పుడు మళ్లీ స్టెరాయిడ్ పనిచేస్తుంది. దాని తోడుగా రోగనిరోధక వ్యవస్థను అణిచే అజథయోప్రిన్, మైకోఫినోలేట్ వాడతారు. స్టెరాయిడ్ పడనివాళ్లకు రిటుక్సిమాబ్ ఉంది, మామూలుగా 1000 మిల్లీగ్రాముల చొప్పున రెండు వారాల తేడాతో రెండు డోసులు. ఇది యాంటీబాడీలు తయారుచేసే బి కణాల వంశాన్నే దెబ్బకొడుతుంది. దీనికి ముందు హెపటైటిస్ బి పరీక్ష తప్పనిసరి. ఎప్పుడో సోకి నిద్రాణంగా ఉన్న వైరస్ ఈ మందుతో లేచి కాలేయాన్ని కబళించగలదు. టీబీ జాడ కూడా ముందే వెతకాలి. అదే బి కణాలను ఇంకో గుర్తు ద్వారా పట్టుకునే ఇనెబిలిజుమాబ్ ఐజీజీ4 సంబంధిత వ్యాధి మొత్తానికి అమెరికాలో 2025 ఏప్రిల్‌లో అనుమతి పొందింది. 135 మందిపై జరిగిన ప్రయోగంలో జబ్బు ఎగదన్నే ముప్పును అది 87 శాతం తగ్గించింది. ధర చూస్తే మన సామాన్య రోగికి అది ఇప్పట్లో అందేది కాదు.

ఇంతకీ శరీరం క్లోమంలో దేన్ని శత్రువనుకుంటోంది? క్యోటో విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో లామినిన్ 511 అనే ప్రోటీన్‌కు వ్యతిరేకంగా యాంటీబాడీలను సుమారు సగం మంది రోగుల్లో కనుగొన్నారు. మిగతా సగం సంగతి తేలలేదు. విచిత్రమేమంటే, జబ్బుకు పేరిచ్చిన ఐజీజీ4 స్వభావరీత్యా మంట రేపే రకం కాదు, చల్లార్చే రకానికే దగ్గర. అది దొంగో, దొంగ వెనక పరుగెత్తుకొచ్చిన పోలీసో ఇంకా వాదన నడుస్తూనే ఉంది.

జబ్బు తిరిగొచ్చేటప్పుడు క్లోమంలోకే రావాలని లేదు. రెండేళ్ల తర్వాత కామెర్లు లేకుండా, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ మెల్లగా పెరుగుతూ మూత్రపిండాల్లో బయటపడొచ్చు, లేదా కనురెప్పల పక్కన వాపుగా రావొచ్చు. అప్పుడు రోగి వెళ్లేది గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి కాదు, కిడ్నీ డాక్టరు దగ్గరికో కళ్ల డాక్టరు దగ్గరికో. పాత సీటీ సీడీ, మొదటి ఐజీజీ4 కాగితం, బయాప్సీ రిపోర్టు రోగి సంచిలో ఉంటే వాళ్లకు దారి రెండు నిమిషాల్లో దొరుకుతుంది.